ఆ గోరు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మా అమ్మ పోయినేడాది కార్తీకంలో చనిపోయింది. 73 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి 2009లో రిటైరైంది. దుగ్గిరాల పక్కన పల్లెటూళ్ళో పుట్టింది, కొమ్మమూరు కాలువలో ఈత నేర్చుకుంది, గుంటూరులో చదువుకునే రోజుల్లో ఆంధ్రా యూనివర్సిటీ జట్టులో బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. ఉద్యోగంలో చేరాక వేసవి సెలవులు వస్తే చాలు, బ్యాగు సర్దుకునేది. 1995లో యూత్ హాస్టల్స్ వాళ్ళతో హిమాచల్‌లో సార్ పాస్ ట్రెక్కింగ్‌కి వెళ్ళింది. 2007లో, 56 ఏళ్ళప్పుడు, కైలాస మానస సరోవర యాత్ర చేసింది. 2012లో వదిన కాన్పుకి అమెరికా వెళ్ళినప్పుడు గ్రాండ్ కాన్యన్‌లోకి సగం దాకా నడిచి దిగి మళ్ళీ ఎక్కింది. నాన్న ఏనాడూ వెంట వెళ్ళలేదు, ఏనాడూ వద్దనలేదు.

ఈ కార్తీకంలో సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామని, అమ్మ గురించి నన్నే రాయమని అన్నయ్య అన్నాడు. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ‘త్యాగమూర్తి’, ‘అన్నపూర్ణ’ అనే మాటలే వస్తున్నాయి, అది మా అమ్మ కాదు. ఆ తిరుగుళ్ళ గురించి ఏం రాస్తావు, కైలాసం సంగతి ఒక్కటీ భక్తిగా రాయమని పెద్దమామయ్య అంటున్నారు. అమ్మ వస్తువులు చాలానే ఉన్నాయి: బ్యాటు, ఈల, సర్టిఫికెట్లు, మానస సరోవరం నోటుబుక్కు. కైలాసం చుట్టూ తిరిగే దారిలో డోల్మా లా అనే కనుమ ఎక్కిన రోజు పేజీలో ‘నలభై అడుగులు, ఆగడం. నలభై అడుగులు, ఆగడం’ అని తప్ప ఇంకేమీ లేదు. అమ్మతో కలిసి ఆడిన ఆవిడ ఒకరు తెనాలిలో ఉన్నారు, 75 ఏళ్ళు.

అసలు బాధ ఇంకొకటి. 1995 మేలో అమ్మ ఆ కొండల్లో ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. అన్నీ అమ్మమ్మే చూసింది. అమ్మ పదమూడో రోజున వచ్చింది. మూడు రోజులు నేను మాట్లాడలేదు. ఆ తర్వాత మామూలుగానే ఉన్నాం కానీ, ఆ మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. చివరి పది నెలలు అమ్మ మంచంలోనే ఉంది, నేనే చూసుకున్నాను. ఆ ట్రెక్కింగ్‌లో ఊడి, వంకరగా మొలిచిన ఎడమకాలి బొటనవేలి గోరు కత్తిరించేటప్పుడల్లా 1995 గుర్తొచ్చేది. ఇదంతా రాయొచ్చా? రాస్తే అమ్మని తప్పుపట్టినట్టవుతుంది, రాయకపోతే అబద్ధం రాసినట్టుంటుంది.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదంటున్నారు కానీ, మొదలు మీరే రాసి పంపారు, ఉత్తరం చివర్లో పెట్టారంతే. మంచం పక్కన కూర్చుని అమ్మ ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుని గోరు కత్తిరిస్తున్నారు, ఆ గోరు వంకరగా ఉంది, అది ఎందుకలా అయిందో మీకు తెలుసు. మీ వ్యాసంలో మొదటి పేరా ఇదే. ఇంతకంటే మంచి మొదలు నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు కూడా, ఎందుకంటే ఆ కాలు పట్టుకుంది మీరొక్కరే.

ఆ గోరు గురించి కొంచెం ఎక్కువే రాయండి. కొండ ఎక్కేటప్పుడు పోయేది ఊపిరైతే, దిగేటప్పుడు దెబ్బ తగిలేది కాళ్ళకి. దిగుతున్నంతసేపూ ఒంటి బరువు ముందుకి తోస్తుంది, పాదం బూటులో ముందుకి జారి బొటనవేలు అడుగడుగునా బూటు కొసకి గుద్దుకుంటుంది, గంటల తరబడి అలా గుద్దుకుంటే గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది, కొన్నాళ్ళకి ఊడిపోతుంది. కొండలు తిరిగేవాళ్ళకి ఇది మామూలే. మొలిచే చోట దెబ్బ గట్టిగా తగిలితే కొత్త గోరు తిన్నగా రాదు. అంటే 1995లో ఆ దిగుడులో ఏం జరిగిందో మీ అమ్మగారి కాలి మీద 29 ఏళ్ళు రాసి ఉంది, దాన్ని మీరు పది నెలలు చేత్తో పట్టుకుని చూశారు. అక్కడినుంచి సార్ పాస్‌కి వెళ్ళండి. దాని ఎత్తు సుమారు 13,800 అడుగులు. ఈ అంకె ఒక్కటే వేస్తే మన చుట్టాలకి ఏమీ తెలియదు, అందుకని తిరుమల కొండ సముద్ర మట్టానికి సుమారు మూడు వేల అడుగులే ఉంటుందని పక్కనే ఇంకో వాక్యం రాయండి. కాలినడకన తిరుమల ఎక్కి ఆయాసపడినవాళ్ళు మీ చదువరుల్లో సగంమంది ఉంటారు, మిగతాది వాళ్ళే లెక్కేసుకుంటారు.

ఇక ‘త్యాగమూర్తి’ సంగతి. ఆ మాటలు మీ కలంలోకి ఎందుకొస్తున్నాయంటే మనం చదివిన సంస్మరణ పుస్తకాలన్నిట్లోనూ అవే ఉన్నాయి కాబట్టి. పేరు, ఫోటో మారిస్తే ఏ ఇంటి అమ్మకైనా సరిపోతాయి. ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా అమ్మ పోయినప్పుడు విజయవాడలో సంస్మరణ సభకి నాలుగు పేజీలు రాసి చదివాను. ఓర్పు, ఆదరణ, వంటచేతి గొప్పతనం, అన్నీ ఉన్నాయందులో, అన్నీ నిజమే. సభ అయ్యాక అమ్మ చిన్ననాటి స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని, “అవన్నీ సరేగానమ్మా, ఏలూరు కాలువ వంతెన మీదనుంచి పరికిణీ గోచీలా బిగించి దూకేదని రాయలేదేం?” అంది. నాకు తెలియదు. 40 ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, మా అమ్మకి ఈత వచ్చన్న సంగతే తెలియదు. అప్పుడు ఆవిడ ఇంకా చెప్పబోతుంటే భోజనాలకి పిలిచారు, తర్వాత మాట్లాడదాం పిన్నీ అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలకి ఆవిడా పోయింది. ఆ వంతెన మీదుగా వెళ్ళినప్పుడల్లా ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది. మీ ఉత్తరంలో తెనాలి ఆవిడ ప్రస్తావన చూడగానే మిగతాదంతా ఆపి ఆ లైను కింద గీత గీసుకున్నాను. ఆవిడ సంగతి చివర్లో చెబుతాను.

మీ దగ్గర మాత్రం సరుకు చాలా ఉంది. సర్టిఫికెట్లు బయటికి తీసి తేదీల వరసలో నేల మీద పరవండి. గుంటూరు అమ్మాయి సర్టిఫికెట్ మీద ఆంధ్రా యూనివర్సిటీ అని ఎందుకుందో ఈ కాలం పిల్లలకి తెలియదు, నాగార్జున యూనివర్సిటీ వచ్చింది 1976లో, అంతకుముందు ఇక్కడి కాలేజీలన్నీ విశాఖపట్నం వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి. యూనివర్సిటీ జట్టుకి ఆడాలంటే గుంటూరు జిల్లా పల్లెటూరి పిల్ల రైలెక్కి ఎక్కడెక్కడికి పోవాల్సి వచ్చేదో, వాళ్ళ నాన్న ఎలా పంపారో, ఆడేటప్పుడు ఏం కట్టుకునేవాళ్ళో కనుక్కుని రాయండి, అందులో ఆ రోజుల సంగతి అంతా వచ్చేస్తుంది. బాల్ బ్యాడ్మింటన్ కూడా ఒక్క ముక్కలో వివరించండి. మామూలు బ్యాడ్మింటనే అనుకునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువ. జట్టుకి ఐదుగురు, ఈకల కాక్ ఉండదు, పసుపు రంగు ఊలు బంతి, ఆరుబయట కోర్టు. మన జిల్లాల్లో ఒకప్పుడు సాయంత్రమైతే ఊరి హైస్కూలు ఆవరణలో ఆ బంతి చప్పుడు వినబడని రోజుండేది కాదు. ఆ చెక్క బ్యాటు ఇంకా మీ ఇంట్లో ఉందన్నారు కదా, దాని పిడి చూడండి. బొటనవేలు ఆనే చోట అరిగి ఉంటుంది, చెమట మరక ఉంటుంది. ఎలా ఉంటే అలాగే రాయండి. ఫోటోల వెనక్కి తిప్పి చూడండి, ఆ తరం వాళ్ళు ఊరు పేరు, తేదీ పెన్సిల్‌తో రాసుకునేవాళ్ళు. పాత పాస్‌పోర్టు ఉంటే ముద్రలన్నీ ఒక కాగితం మీద ఎక్కించండి. సర్క్యులర్ టికెట్ల సంగతి నాన్నగారిని అడగండి, బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేలా మొత్తం ప్రయాణానికి ఒకటే టికెట్ రైల్వే వాళ్ళు ఇస్తారు, దారిలో దిగి ఊళ్ళు చూసుకుంటూ వెళ్ళొచ్చు. టీచరు జీతంతో దేశం చూసిన చాలామంది అలాగే చూశారు. మీ అమ్మగారు ఎలా చూశారో ఆ లెక్క మీ ఇంట్లో ఏదో ఒక డైరీలో ఉంటుంది.

మీ మామయ్యగారి మాట. ఆయన్ని తీసిపారేయకండి, చెల్లెలి మీద ప్రేమతోనే అంటున్నారు, నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఆయనది. కానీ తిరుగుళ్ళ గురించి రాయడానికి ఏముంది అన్న మాట మాత్రం ఒప్పుకోను. తెలుగులో యాత్రల గురించి రాయడం మొదలైందే అలా. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దాదాపు పదిహేను నెలలు తిరిగి, దారిలో ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారి ఎలా ఉంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏ సామాను దొరుకుతుంది, జనం ఎలా ఉన్నారు, అన్నీ ఏ రోజుకారోజు రాసుకున్నాడు. భక్తితో కాశీకి పోయిన మనిషే ఆయన. అయినా దారి గురించి రాయడం భక్తికి తక్కువ అనుకోలేదు. మామయ్యగారికి ఈ మాట చెప్పి చూడండి, కాదనరు.

కైలాసం గురించి ఆయన అన్నట్టు భక్తిగానే రాయండి. కాకపోతే ఆ భక్తి నడిచిందని రాయండి. 2007లో ప్రభుత్వం తరఫున వెళ్ళే యాత్ర అంటే పేరు లాటరీలో రావాలి, ఢిల్లీలో గుండె, ఊపిరితిత్తులు, బీపీ అన్నీ పరీక్ష చేస్తారు, దారిలో గుంజిలో మళ్ళీ చూస్తారు, అక్కడ ఫెయిలైతే వెనక్కి పంపేస్తారు. లిపులేఖ్ కనుమ దాటి టిబెట్‌లో అడుగుపెట్టాలి. కైలాసం చుట్టూ ప్రదక్షిణ సుమారు 52 కిలోమీటర్లు, మామూలుగా మూడు రోజులు, అందులో డోల్మా లా కనుమ ఎత్తు 5,600 మీటర్ల పైనే. అంత ఎత్తులో గాలి పీలిస్తే మనకి ఇక్కడ అందే ప్రాణవాయువులో సగమే అందుతుంది. అక్కడ మీ అమ్మగారు నలభై అడుగులు వేసి ఆగారు, మళ్ళీ నలభై వేసి ఆగారు. 30 ఏళ్ళకి పైగా పిల్లలకి ఒకటీ-రెండూ-మూడూ-నాలుగూ చెప్పిన డ్రిల్లు టీచరు ఆ కొండ మీద తనకి తానే డ్రిల్లు చెప్పుకున్నారు. మీ ఉత్తరంలో ఆ మాటలు చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దానికి మీరు వ్యాఖ్యానం ఏమీ రాయొద్దు. ఆ పేజీని ఆవిడ చేతిరాతతోనే ఫోటో తీయించి పుస్తకంలో ఒక పేజీ అంతా వేయండి. శివుడి గురించి మామయ్యగారు ఏం రాయాలనుకున్నా ఎదుటి పేజీలో ఆయన్నే రాయమనండి.

ఇప్పుడు 1995. మీ ఉత్తరంలో మిగతాదంతా దీని చుట్టూనే ఉంది, మీకూ ఆ సంగతి తెలుసు.

రాయండి. పెద్దమనిషినయ్యాను అన్న మాట సంవత్సరీకం పుస్తకంలో ఏంటని ఎవరైనా అంటే, మన గుంటూరు జిల్లాలో ఆ ఫంక్షన్‌కి కార్డులు కొట్టించి, పందిళ్ళు వేసి, ఊరందరికీ భోజనాలు పెడతాం, అందులో దాచాల్సిందేముందని అడగండి. చాప మీద మూల కూర్చోబెట్టడం, అమ్మమ్మ చిమ్మిలి దంచి ముద్దలు చేసి పెట్టడం, వీధిలో ఆడపిల్లల నవ్వులు, వచ్చిన ప్రతి ముత్తయిదువా “వాళ్ళమ్మ ఏదీ?” అని అడగడం, అమ్మమ్మ ఏదో ఒక సమాధానం చెప్పడం, అవన్నీ మీరు 13 ఏళ్ళ పిల్లగా విన్నారు. ఏం విన్నారో అలాగే రాయండి, సర్దిచెప్పొద్దు. ఆ రోజు మీకు అమ్మ కావాల్సి వచ్చింది, ఆవిడ లేదు. ఆ మాట రాస్తే తప్పుపట్టినట్టు కాదు. కోపం రావాలంటే ముందు ఆ మనిషి మనకి అంతగా కావాల్సినవాళ్ళై ఉండాలి. చదివేవాళ్ళకి ఆ సంగతి మీరు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

కానీ ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. మూడు రోజులు నేను మాట్లాడలేదు అని రాశారు. ఆ మూడు రోజులూ అమ్మ ఏం చేసింది? మీ ఉత్తరంలో అది లేదు. పక్కన వచ్చి కూర్చుందా, తల దువ్వబోతే మీరు విదిలించుకున్నారా, ఏమీ పట్టనట్టు స్కూలు రిజిస్టర్లు ముందేసుకుందా, వంటింట్లో అమ్మమ్మతో మాటామాటా అనుకున్నారా? గుర్తుంటే రాయండి. గుర్తులేకపోతే గుర్తులేదని రాయండి, అది కూడా నిజమే కదా.

ఇంకొకటి, మీరు ఆ పదమూడు రోజుల్ని ఎప్పుడైనా అటువైపు నుంచి లెక్కేశారా? ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. మంచులో క్యాంపు నుంచి క్యాంపుకి నడిచే మనిషికి కబురు అందాలంటే టెలిగ్రాం బేస్ క్యాంపుకి చేరాలి, అక్కడినుంచి ఎవరైనా పైకి వెళ్ళేవాళ్ళు చెప్పాలి, లేదా ఆవిడ కిందికి దిగాక ఇవ్వాలి. కులూ లోయ నుంచి ఢిల్లీకి ఒక రాత్రంతా బస్సు, ఢిల్లీ నుంచి విజయవాడకి ఒక పగలూ ఒక రాత్రీ దాటిన రైలు, అక్కడినుంచి గుంటూరు. రిజర్వేషన్ దొరికితేనే ఇది, మే నెలలో అప్పటికప్పుడు ఎవరికి దొరుకుతుంది? అంటే దారికే మూడు నాలుగు రోజులు పోయి ఉంటాయి. ఆవిడకి కబురు ఏ రోజున తెలిసింది? ట్రెక్కింగ్ పూర్తయ్యాక తెలిసిందా, మధ్యలోనే తెలిసి దిగి వచ్చేశారా? గోరు ఊడింది మామూలు దిగుడులోనా, తొందర దిగుడులోనా? నేను ఊహించి చెప్పను, ఊహించే హక్కు నాకు లేదు. కానీ టెలిగ్రాం ఇచ్చిన మనిషి, స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నట్టున్నారు. నాన్నగారి గురించి ‘ఏనాడూ వద్దనలేదు’ అని ఒక్క లైనే రాశారు, ఆయన్ని అడిగారా? ఈ 30 ఏళ్ళుగా మీ దగ్గరున్నది ఆ కథలో మీ సగమే. మిగతా సగం ఆయన దగ్గర ఉండొచ్చు. సాయంత్రం టీ తాగేటప్పుడు, ఆ యాత్ర సర్టిఫికెట్ ఆయన ముందు పెట్టి, “నాన్నా, ఆ సంవత్సరం అమ్మకి కబురెలా పంపారు?” అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. తొందరపెట్టొద్దు. ఆయన చెప్పింది ఏదైనా సరే, అమ్మకి ముందే తెలిసినా ట్రెక్కింగ్ పూర్తిచేసే వచ్చిందని చెప్పినా సరే, అదే రాయండి. అది వినడానికి మీకు కష్టంగా ఉండొచ్చు. అయినా తెలియకుండా ఉండటం కంటే నయమనే నా నమ్మకం.

ఒక సంగతి చెబుతాను, ఇది మీ వ్యాసంలో పెట్టడానికి కాదు, మీ మనసు కోసం. ఎవరెస్టు ఎక్కిన మొదటి ఆడమనిషి జపాన్‌కి చెందిన జుంకో తాబే, 1975 మే 16న. అప్పటికి ఇంట్లో మూడేళ్ళ కూతురుంది. ఆ యాత్రకి డబ్బు పోగుచేయడానికి తిరిగినప్పుడు, పిల్లల్ని పెంచుకోవాల్సిన ఆడవాళ్ళకి ఈ కొండలెందుకని ఆవిడకి చెప్పినవాళ్ళున్నారు. 1953లో మొదటిసారి ఆ శిఖరం చేరిన తేన్‌జింగ్‌కి కూడా కూతుళ్ళున్నారు. ఆయన్ని ఈ మాట అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. మీ వీధిలో ముత్తయిదువలు “వాళ్ళమ్మ ఏదీ?” అని అడిగినట్టే, బ్యాంకు పనిమీదో కాంట్రాక్టు పనిమీదో మీ నాన్న ఊళ్ళో లేకపోయి ఉంటే “వాళ్ళ నాన్న ఏడీ?” అని అడిగేవాళ్ళా? ఇది తెలిసినంత మాత్రాన 13 ఏళ్ళ పిల్ల దుఃఖం తప్పయిపోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. అయితే వ్యాసంలో జుంకో తాబేనీ, 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్‌నీ, సిడ్నీలో పతకం తెచ్చిన మన కరణం మల్లీశ్వరినీ తెచ్చి అమ్మ పక్కన నిలబెట్టొద్దు. అలా చేస్తే అమ్మ తరఫున వాదిస్తున్నట్టుంటుంది. ఆవిడకి వకీలు అక్కర్లేదు.

నాన్నగారికి ఒక పేరా తప్పకుండా ఉండాలి. 1970ల్లో, 80ల్లో భార్య ఒక్కతే బ్యాగు తగిలించుకుని కొండలకి పోతుంటే వద్దనకుండా ఉండటం తేలిగ్గా అయ్యే పని కాదు, ఆఫీసులో, చుట్టాల్లో ఆయన ఎన్ని మాటలు పడ్డారో ఆయనకే తెలియాలి. ఆయన ఎందుకు వెంట వెళ్ళలేదో కూడా అడగండి. ఇష్టం లేకా, పిల్లల కోసమా, మోకాళ్ళ నొప్పులా? అమ్మని వెళ్ళనిచ్చారని ఆయన్ని పొగడొద్దు, ఆయన అనుమతి ఇస్తేనే అమ్మ వెళ్ళినట్టు ఉంటుంది. స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కించేవారా, వాటర్ బాటిల్ నింపి ఇచ్చేవారా, రైలు కదిలాక ఇంటికొచ్చి మీ జడ, మీ ఇద్దరి టిఫిన్లు ఎలా చూసేవారో రాయండి చాలు.

అమెరికా సంగతి మీరు రాయకండి, అది చూసింది మీ అన్నయ్య. ఆయన్నే ఒక పేజీ రాసివ్వమనండి. కాన్పుకి వెళ్ళిన అమ్మలు ఆరు నెలలు పాపని ఎత్తుకుని, వంటింట్లో నిలబడి తిరిగొచ్చేస్తారు. మీ అమ్మగారు 61 ఏళ్ళకి గ్రాండ్ కాన్యన్‌లోకి దిగారు. అక్కడ కష్టం తిరగేసి ఉంటుంది, మన కొండలైతే ముందు ఎక్కి అలిసిపోయాక దిగుడు, అక్కడ ముందు హాయిగా దిగిపోతారు, అలిసిపోయాక ఎక్కాలి, ఎండ కూడా అప్పుడే ముదురుతుంది. ఒక్కరోజులో కింద నది దాకా పోయి తిరిగి రావాలని చూడొద్దని పార్కు వాళ్ళే చెబుతారు. ఆవిడ సగంలో వెనక్కి తిరిగారు చూడండి, నాకు ఆవిడ మీద గౌరవం అక్కడ ఇంకా పెరిగింది. ఎక్కడ వెనక్కి తిరగాలో తెలిసినవాళ్ళే 70 ఏళ్ళు వచ్చేదాకా ఇలా తిరగగలరు. అన్నయ్యకి ఒక జాగ్రత్త చెప్పండి. పెంచి రాయొద్దు. సార్ పాస్ వెళ్ళిన మనిషిని ఎవరెస్టు దాకా వెళ్ళిందని ఫ్లెక్సీ వేయిస్తే, తెలిసినవాళ్ళు ఒక్కరు నవ్వినా ఆవిడ నిజంగా నడిచిన నడక అంతా పలచబడిపోతుంది.

చివరి పది నెలల గురించి ఎక్కువ వద్దు. మొదట్లో గోరు దగ్గర ఎలాగూ మంచం వస్తుంది. మందుల పేర్లు, ఆసుపత్రి బిల్లులు, రాత్రుళ్ళు మేలుకోవడం అక్కర్లేదు. అంత తిరిగిన మనిషి కదలకుండా పడుకుని కిటికీలోంచి ఏం చూసేదో, ఎప్పుడైనా ఏ ఊరి పేరైనా ఎత్తిందో, అలాంటిది ఒక్కటి గుర్తుంటే పెట్టండి.

పుస్తకానికి నాలుగు పేజీలు మించొద్దు. సభలో మీరు చదివేటట్టయితే ఏడెనిమిది నిమిషాలు చాలు, 1995 భాగం చదవగలరో లేదో ముందురోజు ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి, గొంతు పట్టేస్తే ఆ ముక్క పుస్తకంలోనే ఉంచి సభలో వదిలేయండి, ఎవరూ అడగరు. అట్ట మీద దండ వేసిన పాస్‌పోర్టు సైజు ఫోటో వద్దు. ఈల మెళ్ళో వేసుకుని గ్రౌండులో ఎండకి కళ్ళు చికిలించిన ఫోటో ఒక్కటైనా స్కూలు ఫోటోల్లో ఉండి తీరుతుంది, అది వేయండి. చిన్నగా ఉన్నా, మసగ్గా ఉన్నా పర్వాలేదు.

ఇక తెనాలి ఆవిడ. ఆవిడకి 75 అన్నారు. వచ్చే నెల వద్దు, పండగ తర్వాత వద్దు, ఈ ఆదివారమే వెళ్ళండి, గుంటూరు నుంచి గంట ప్రయాణం కూడా లేదు. ముందే ఫోన్ చేసి ఏం అడగబోతున్నారో చెప్పకండి, చూసి పోదామని వస్తున్నాను పిన్నీ అనండి చాలు. ప్రశ్నల కాగితం తీసుకెళ్ళొద్దు. అమ్మ బ్యాటు తీసుకెళ్ళండి. కాసేపు కూర్చున్నాక దాన్ని ఆవిడ చేతికివ్వండి, ఇచ్చి మీరేమీ మాట్లాడకండి. ఆవిడ దాన్ని ఎలా పట్టుకుంటారో చూడండి, పట్టుకున్నాక మొదట ఏ మాట అంటారో ఆ మాట మీరు ఆవిడ ఇంట్లోంచి బయటికి రాగానే కారులో కూర్చునో బస్టాండులో నిలబడో రాసేసుకోండి.